మౌనమంతా మరణం కాదు

రాత్రి రెండు గంటలు. ఒక విశ్వవిద్యాలయపు ఆవరణలో రెండు భవనాలు. ఒక్కొక్క భవనంలో చల్లగా ఉంచిన ఒక చిన్న గది, ఆ గదిలో ఒక కంప్యూటర్ ఉన్నాయనుకుందాం. విశ్వవిద్యాలయానికి వచ్చే ఎలక్ట్రానిక్ ఉత్తరాలన్నింటినీ అందుకుని, ఎవరి పెట్టెలో వారివి వేసి, అడిగినప్పుడు తీసి చూపించే బాధ్యత మొదటి భవనంలోని యంత్రానిది. రెండవ భవనంలోనిది దానికి తోడు. మొదటిదానిలో చేరిన ప్రతి ఉత్తరానికీ ఒక నకలు రెండవదానికి వెళుతుంది. ఆపైన రెండవదానికి ఉన్న పని ఒక్కటే: మొదటి యంత్రం బ్రతికి ఉన్నదో లేదో కనిపెట్టుకుని ఉండటం. అందుకోసం రెండూ సెకండుకొకసారి ‘నేనున్నాను’ అంటూ ఒకదానికొకటి చిన్న సంకేతం పంపుకుంటాయి. ఇంజనీర్లు దీనికి ‘హార్ట్‌బీట్’ అని పేరు పెట్టారు. అంటే గుండెచప్పుడు.

ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోయింది. ఒక సెకండు గడిచింది. రెండు, మూడు, నాలుగు, ఐదు. రెండవ యంత్రం ఇప్పుడేం చేయాలి?

మొదటిది పడిపోయింది గనుక రెండవది లేచి దాని స్థానంలో నిలబడాలి. ఇది ఎవరికైనా తోచే సమాధానమే. మనిషి ప్రమేయం లేకుండా ఈ మార్పు జరిగిపోయే ఏర్పాటును ‘ఆటోమేటిక్ ఫెయిలోవర్’ అంటారు. ఉద్యోగిని నిద్రలేపనవసరం లేదు. ఉత్తరాలు ఆగవు. వాటి కోసం ఎదురుచూసేవారికి ఏదో జరిగిందన్న సంగతి కూడా తెలియదు. ఇంత తేలికగా కనిపించే పనిపై గణిత శాస్త్రజ్ఞులూ, ఇంజనీర్లూ దశాబ్దాల తరబడి శ్రమిస్తూ వచ్చారంటే దానికి కారణముంది. పై సమాధానంలో ఒక్క మాట పొరపాటు. ‘మొదటిది పడిపోయింది’ అన్నది రెండవ యంత్రానికి తెలిసిన విషయం కాదు. దానికి తెలిసిందల్లా మొదటిదాని చప్పుడు తనకు వినిపించటం లేదన్నది మాత్రమే.

ఈ రెండు విషయాల మధ్యనున్న దూరంలోనే కథంతా ఉంది.

ఉత్తరానికున్న ఓపిక

ఎలక్ట్రానిక్ తపాలా వయస్సు అర్ధశతాబ్దం దాటింది. 1971లో రే టామ్లిన్‌సన్ అనే అమెరికన్ ఇంజనీరు, ఒకే గదిలో ప్రక్కప్రక్కన ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య ఆర్పానెట్ అనే సమాచార వలయం ద్వారా తొలి ఉత్తరాన్ని పంపాడు. 1982లో జోనథన్ పోస్టెల్ ఇట్టి ఉత్తరాల మార్పిడికి ఒక నిబంధనావళిని రూపొందించాడు. ఎస్.ఎం.టి.పి. అనే పేరుతో, అనేక సవరణలతో, అదే నేటికీ అమలులో ఉన్నది.

ఆ నిబంధనావళిలో ఉత్తరాన్ని అందుకునే యంత్రం ఇవ్వవలసిన జవాబు ఒకటి ఉన్నది. 250 అనే అంకెతో మొదలయ్యే ఆ జవాబుకు ‘సరే, తీసుకున్నాను’ అని అర్థం. చూడటానికి చిన్న మాటే. కాని అది ప్రతిజ్ఞ వంటిది. ఆ మాట చెప్పిన క్షణం నుండి ఉత్తరం బాధ్యత పంపినవానిది కాదు, అందుకున్నవానిది. చేరవేయాలి, లేదా చేరవేయలేకపోయానని పంపినవారికి తెలియజేయాలి. తరువాత యంత్రం కూలిపోయిందనో, మరొక అల్పకారణం వల్లనో ఉత్తరాన్ని పోగొట్టరాదని 2008లో వెలువడిన సవరణ ప్రతి స్పష్టంగా చెబుతున్నది.

ఈ ప్రతిజ్ఞకు తోడుగా తపాలాకు మరొక సుగుణం ఉంది: ఓపిక. అవతలి యంత్రం జవాబివ్వకపోతే పంపే యంత్రం ఉత్తరాన్ని పారవేయదు, తన వద్దనే వరుసలో నిలిపి ఉంచుతుంది. కనీసం అరగంట ఆగి మరల ప్రయత్నించమనీ, నాలుగైదు రోజులు గడవనిదే ఆశ వదులుకోవద్దనీ ఆ నిబంధనావళి సలహా. 1986లో మరొక సౌకర్యం చేరింది. ఒక సంస్థ తన ఉత్తరాలను అందుకునే యంత్రాలు ఏవేవో, వాటిలో ఎవరికి మొదటి ప్రాధాన్యమో, ఎవరికి తరువాతదో లోకానికి ముందుగానే ప్రకటించవచ్చు. మొదటి తలుపు మూసి ఉంటే పంపేవాడే రెండవ తలుపు తడతాడు.

కనుక దారిలో ఉన్న ఉత్తరాల విషయంలో ఫెయిలోవర్ పెద్ద సమస్య కాదు. తపాలా పద్ధతిలోనే అది ఇమిడి ఉంది. చిక్కంతా ఉత్తరాలు చేరిన పెట్టెల విషయంలోనే. పెట్టె ఒకచోటనే ఉండాలి. దానిలోని ఉత్తరాలకు ఒకే వరుస ఉండాలి. ఈ ఉదయం చదివిన ఉత్తరం సాయంత్రం చదవనిదిగా కనిపించకూడదు. నిన్న చించివేసినది నేడు తిరిగి రాకూడదు. దారిలోని ఉత్తరాన్ని ఎవరు మోసినా ఒకటే కాని, పెట్టెకు యజమాని మాత్రం ఏ క్షణాన చూసినా ఒక్కడే కావాలి.

వినిపించకపోవటానికి కారణాలెన్నో

గుండెచప్పుడు ఆగిపోవటానికి యంత్రం కూలిపోనవసరం లేదు. రెండు భవనాల మధ్యనున్న తీగను రోడ్డు త్రవ్వేవారు తెంపి ఉండవచ్చు. మధ్యలోని ఒక పరికరం నిదానించి ఉండవచ్చు. లేదా మొదటి యంత్రం భారమైన పనిలో మునిగి, పది సెకండ్లపాటు ఊపిరి సలపక, సంకేతం పంపటం మరచి ఉండవచ్చు.

2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపంలో సముద్రగర్భాన రెండు పెద్ద సమాచార తీగలు తెగిపోయాయి. భారతదేశాన్ని ఐరోపాతో కలిపే మార్గంలో అధికభాగం ఒక్కసారిగా మూసుకుపోయింది. ముంబయిలో కంప్యూటర్లు నడుస్తూనే ఉన్నాయి, లండన్‌లోనూ నడుస్తూనే ఉన్నాయి. కాని మధ్యదారి తెగినప్పుడు ఒకరి దృష్టిలో ఒకరు లేనివారే. దూరదేశంలోని మనిషి నుండి కబురు రాకపోతే అతడు మరణించాడని నిర్ణయించి ఆస్తి పంచుకుంటే ఏమవుతుందో, ఇక్కడా అదే అవుతుంది. ఆ మనిషి ఒకనాడు తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడతాడు.

మరికొంచెంసేపు వేచి చూస్తే సందేహం తీరదా? తగ్గుతుంది కాని తీరదు. 1985లో మైకేల్ ఫిషర్, నాన్సీ లించ్, మైకేల్ పాటర్సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు దీనిని గణిత సిద్ధాంతంగా నిరూపించారు. సందేశం చేరటానికి ఎంత కాలం పడుతుందో హద్దు లేని వ్యవస్థలో, ఒక్క యంత్రం కూలిపోయే అవకాశమున్నా చాలు. మిగిలినవన్నీ ఎప్పటికైనా ఒకే నిర్ణయానికి తప్పక వచ్చి తీరేటట్లు చేయగల నిశ్చితమైన పద్ధతి ఏదీ లేదని వారు తేల్చారు. నిదానించినవానికీ మరణించినవానికీ గల భేదం దూరం నుండి చూసేవానికి కనిపించదన్నదే ఆ చిక్కుకు మూలం.

అందువల్ల ప్రతి ఏర్పాటులోనూ ఒక గడువు పెట్టక తప్పదు, ఆ గడువు ఎల్లప్పుడూ ఒక అంచనాయే. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ సర్వర్లలో సెకండుకొక చప్పుడు చొప్పున, ఒకే స్థానిక వలయంలోని యంత్రాలకు ఐదు చప్పుళ్ళు తప్పితే యంత్రం పోయినట్లు లెక్కించేవారు. 2016 నాటి రూపంలో ఆ ఐదును పదికి పెంచారు. గడువు తక్కువైతే ప్రతి చిన్న తొట్రుపాటుకూ యజమాని మారిపోతాడు. ఎక్కువైతే నిజంగా ప్రమాదం జరిగినప్పుడు సేవ అంతసేపు నిలిచిపోతుంది. ఈ రెండింటిలో ఏ నష్టాన్ని భరించగలమో నిర్ణయించుకోవలసినది యంత్రం కాదు, దానిని నెలకొల్పే మనిషి.

ఒక ఒరలో రెండు కత్తులు

మన విశ్వవిద్యాలయానికి తిరిగి వద్దాం. తెగినది తీగ మాత్రమే. మొదటి యంత్రం క్షేమంగా ఉంది. ఈ సంగతి తెలియని రెండవ యంత్రం తానే యజమానినని ప్రకటించుకున్నది. ఇప్పుడు యజమానులు ఇద్దరు. కొన్ని ఉత్తరాలు మొదటి భవనానికి, మరికొన్ని రెండవ భవనానికి చేరుతున్నాయి. ఇద్దరూ ‘సరే, తీసుకున్నాను’ అని ప్రతిజ్ఞ చేస్తున్నారు. ఈ స్థితికి ఇంజనీర్లు పెట్టిన పేరు ‘స్ప్లిట్ బ్రెయిన్’, అనగా చీలిన మెదడు.

రాత్రి 2 గంటల 10 నిమిషాలకు ఒక విద్యార్థి దరఖాస్తు పంపాడు. గడువు ఉదయంతో ముగుస్తుంది. అది మొదటి యంత్రంలోని పెట్టెలో 5,001వ ఉత్తరంగా చేరింది. ఐదు నిమిషాల తరువాత మరెవరో పంపిన సాధారణ ప్రకటన రెండవ యంత్రంలోని అదే పెట్టెలో చేరింది. ఆ యంత్రానికి తెలిసినంతవరకు చివరి ఉత్తరం 5,000వది. కాబట్టి ఈ ప్రకటనకు కూడా 5,001 అనే సంఖ్యనే ఇచ్చింది.

ఈ సంఖ్య అల్పవిషయం కాదు. పెట్టెను దూరం నుండి చదివేందుకు వాడే ‘ఐమాప్’ అనే పద్ధతిలో ప్రతి ఉత్తరానికీ పెరుగుతూ పోయే ఒక సంఖ్య ఉంటుంది. ఒకసారి ఇచ్చిన సంఖ్యను ఆ పెట్టెలో మరొక ఉత్తరానికి ఇవ్వరాదన్నది నియమం. కార్యాలయంలోని గుమాస్తా చేతిఫోను ఆ సంఖ్యలను బట్టే ఏవి క్రొత్తవో, ఏవి తన వద్ద ఇంతకుముందే ఉన్నవో తెలుసుకుంటుంది. రెండవ యంత్రం నుండి 5,001వ ఉత్తరాన్ని ఒకసారి తెచ్చుకున్న ఫోను, తీగ బాగుపడిన తరువాత మొదటి యంత్రంలో అదే సంఖ్యను చూస్తే ‘ఇది నా దగ్గర ఉన్నదే’ అని దాటిపోతుంది. దరఖాస్తు పోలేదు. పెట్టెలోనే ఉంది. కాని చదవవలసినవానికి కనిపించదు. మీ ఉత్తరం అందిందన్న జవాబును నమ్మి విద్యార్థి నిశ్చింతగా నిద్రపోతాడు.

సేవ ఆగిపోయి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు. పంపిన యంత్రం అరగంట తరువాత మరల ప్రయత్నించేది. కూలిపోయిన సర్వర్ ఉత్తరాన్ని ఆలస్యం చేస్తుంది. చీలిపోయిన సర్వర్ ఇచ్చిన మాట తప్పుతుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెతకు కంప్యూటర్ గదిలో దొరికే అర్థమిదే.

కోరం లేనిదే తీర్మానం లేదు

ఈ ప్రమాదానికి విరుగుడు పంచాయతీ సమావేశాలకు వెళ్ళినవారికి తెలిసినదే. కోరం లేనిదే తీర్మానం చెల్లదు. యంత్రాలు రెండు కాక మూడు ఉంచాలి. సగానికి మించిన సభ్యులు ఒకరికొకరు వినిపిస్తున్న పక్షానికే యజమానిని ఎన్నుకునే అధికారం. మూడింటిలో రెండు, ఐదింటిలో మూడు. సమూహం ఎలా చీలినా రెండు ముక్కలకూ ఏకకాలంలో అధిక సంఖ్య ఉండటం అసంభవం. కాబట్టి ఇద్దరు యజమానులు ఎన్నిక కావటమూ అసంభవం.

ఈ సూత్రాన్ని పకడ్బందీ పద్ధతిగా మలచినవారిలో లెస్లీ లాంపోర్ట్ ముఖ్యుడు. సభ్యులు ఇష్టం వచ్చినప్పుడు వచ్చి పోతూ ఉండే ఒక కల్పిత గ్రీకు ద్వీపపు శాసనసభ కథగా ఆయన తన పద్ధతిని వివరించాడు. ‘పాక్సోస్’ అనే ఆ పద్ధతి 1998లో అచ్చయింది. సామాన్య ఇంజనీర్లకు సులభంగా బోధపడాలనే ఉద్దేశంతో డియెగో ఒంగారో, జాన్ ఓస్టర్‌హౌట్ 2014లో ‘రాఫ్ట్’ అనే మరొక పద్ధతిని ప్రకటించారు.

తపాలా సర్వర్లలోనూ ఈ సూత్రం ప్రవేశించింది. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌ఛేంజ్ సర్వర్ 2010లో ఉత్తరాల పెట్టెలను పదహారు యంత్రాల వరకు గల సమూహంలో నకళ్ళుగా ఉంచుకోవచ్చు. యంత్రాల సంఖ్య సరిసంఖ్య అయినప్పుడు సమూహానికి వెలుపలనున్న ఒక కంప్యూటర్‌ను సాక్షిగా నిలుపుతారు. ఆ సాక్షి ఉత్తరాలు మోయదు, పెట్టెలు దాచదు. ఓట్లు సమానంగా చీలినప్పుడు ఎటువైపు నిలిచిందన్నదే దాని పని. మూడవ యంత్రం కొనే స్తోమత లేని చిన్న సంస్థకు కూడా ఈ సాక్షి అందుబాటులో ఉంటుంది. ఐతే సాక్షిని మూడవ చోట ఉంచాలి. వాదితో పాటు ఒకే గదిలో కూర్చున్న సాక్షి వల్ల ప్రయోజనం తక్కువ. ఆ గది మునిగితే వాదీ, సాక్షీ కలిసే మునుగుతారు.

కోరం నియమంలో కఠినమైన భాగం ఓడిన పక్షానికి సంబంధించినది. అధిక సంఖ్య తనవైపు లేదని గ్రహించిన యంత్రం, తాను సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నా, నిన్నటివరకు తానే యజమాని అయినా, సేవ మానుకుని తప్పుకోవాలి. ఫెయిలోవర్ అంటే లేచి నిలబడటమేనని చాలామంది భావిస్తారు. దిగిపోవటం తెలియని యంత్రానికి లేవటం నేర్పరాదు.

నలభైమూడు సెకండ్లు

కోరం ఒక్కటి ఉంటే చాలునా? చాలదని 2018లో ఒక ఉదంతం నిరూపించింది. అది జరిగినది తపాలా సంస్థలో కాదు. ప్రోగ్రాములు రచించేవారు తమ రచనలను భద్రపరచుకునే గిట్‌హబ్ అనే సంస్థలో. పాఠం మాత్రం తపాలాకూ వర్తించేదే. ఆ సంస్థ స్వయంగా ప్రకటించిన వివరాలివి.

భారత కాలమానం ప్రకారం 2018 అక్టోబర్ 22 తెల్లవారుజామున 4 గంటల 22 నిమిషాలకు, అమెరికా తూర్పు తీరంలో పాడవుతున్న ఒక పరికరాన్ని మారుస్తుండగా, అక్కడి ప్రధాన కేంద్రానికీ వలయానికీ సంబంధం తెగిపోయింది. 43 సెకండ్లలో అతికింది. కాని ఆ లోపుననే స్వయంచాలక ఏర్పాటు కోరం సమకూర్చుకుని, సక్రమంగా ఎన్నిక జరిపి, యాజమాన్యాన్ని పశ్చిమ తీరానికి బదిలీ చేసింది. నియమం ప్రకారమే చేసింది. ఐతే తూర్పు తీరంలో చివరి కొన్ని సెకండ్లలో వ్రాసినవి పశ్చిమ తీరానికి ఇంకా చేరలేదు. ఇటు పశ్చిమ తీరంలో దాదాపు 40 నిమిషాలపాటు క్రొత్తవి వ్రాయబడ్డాయి. ఒకచోట ఉన్నవి మరొకచోట లేవు. ఏ పక్షానికీ పూర్తి ప్రతి లేదు.

ఇంజనీర్ల ముందు రెండు మార్గాలు నిలిచాయి. సేవను త్వరగా పునరుద్ధరించి కొన్ని వ్రాతలను వదులుకోవటం ఒకటి. సేవ కుంటుపడినా ఒక్కటీ పోకుండా చూడటం మరొకటి. వారు రెండవది ఎన్నుకున్నారు. సేవ యథాస్థితికి రావటానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. 43 సెకండ్లు ఓపిక పట్టి ఉంటే ఏమీ జరిగి ఉండేది కాదు. కంచె చేను మేసినట్లు, కాపాడవలసిన ఏర్పాటే కష్టం తెచ్చింది.

ఈ ఉదంతం నకలు తీసే పద్ధతి వద్దకు తీసుకువస్తుంది. ఉత్తరాన్ని రెండవ యంత్రం కూడా వ్రాసుకున్న తరువాతనే ‘సరే’ అనటం ఒక పద్ధతి. ప్రతి ఉత్తరానికీ కొంత ఆలస్యమైనా మాట తప్పదు. ముందు ‘సరే’ అని, నకలు వెనుక నుండి పంపటం మరొకటి. వేగమైనదే; కాని ఆ వెనుకబాటులో ఉన్నవాటికి ప్రమాద సమయంలో పూచీ లేదు. ఒకే ఆవరణలో మొదటి పద్ధతి సులభసాధ్యం. వేల మైళ్ళ దూరాన రెండవదానితో సరిపెట్టుకునేవారే ఎక్కువ. అట్టివారు అంతదూరపు బదిలీని యంత్రానికి వదలక, మనిషి నిర్ణయానికి విడిచిపెట్టటం వివేకం.

డ్రైవరు చేతిలోని గుండు

మరొక ప్రమాదం మిగిలి ఉంది. పాత యజమాని చావలేదు, తప్పుకోనూ లేదు. స్తంభించిపోయింది. కొద్దిసేపటికి కుంభకర్ణుని వలె నిద్రలేచింది. మధ్యలో కాలం గడిచిన సంగతి దానికి తెలియదు. సగంలో ఆపిన పనిని సగం నుండే కొనసాగిస్తుంది. క్రొత్త యజమాని వ్రాస్తున్న పెట్టెలో తానూ ఒక పంక్తి వ్రాస్తుంది.

రైల్వేలవారు ఇట్టి ప్రమాదాన్ని ఏనాడో గుర్తించారు. ఒకే పట్టాలున్న మార్గంలో ఎదురెదురుగా రెండు రైళ్ళు రాకుండా టోకెన్ పద్ధతి దీర్ఘకాలం మన దేశాన్ని కాపాడింది. చిన్న స్టేషన్లలో పోర్టరు ఎత్తి పట్టుకున్న పెద్ద వలయాన్ని, నడుస్తున్న ఇంజను నుండి చేయి చాచి అందుకునే సిబ్బందిని చూసినవారెందరో ఉన్నారు. ఆ వలయానికి కట్టిన తోలుసంచిలో ఒక ఉక్కు గుండు ఉంటుంది. అది చేతిలో లేనిదే డ్రైవరు ముందుకు పోరాదు. రెండు స్టేషన్లలోని యంత్రాలకూ విద్యుత్ సంబంధం ఉంది. ఒక గుండు బయటకు వచ్చిన తరువాత, దానిని ఏదో ఒక స్టేషన్‌లో తిరిగి అప్పగించేవరకు, రెండవ గుండు బయటకు రాదు. దారి ఖాళీగా ఉన్నట్లు కనిపించటం చాలదు. ఖాళీ అయినదన్న రుజువు చేతికి రావాలి.

కంప్యూటర్ సమూహాలలో ఇందుకు సమానమైన ఏర్పాటును ‘ఫెన్సింగ్’, అనగా కంచె వేయటం అంటారు. పాత యజమాని ఇక వ్రాయలేదన్న రుజువు దొరికేవరకు క్రొత్త యజమాని పెట్టెను ముట్టరాదు. ఆ రుజువు దొరికే సూటిదారి పాతదాని విద్యుత్తును కత్తిరించటం. లైనక్స్ ఇంజనీర్లు దీనికి ‘స్టోనిత్’ అని పేరు పెట్టారు. ‘అవతలి యంత్రాన్ని తలలో కాల్చు’ అనే ఇంగ్లీషు వాక్యపు తొలి అక్షరాలవి. మాట మోటుగా ఉన్నా దాని వెనుక వినయం ఉంది. ‘అది చచ్చిందో లేదో నాకు తెలియదు, కనుక తెలిసేటట్లు చేస్తాను’ అనటమే అది.

బ్రతికినవాని భుజాలపై బరువు

పడిపోయినవాని బరువు మోయగల శక్తి బ్రతికినవానికి ఉందా అన్న ప్రశ్నను చాలామంది ముందుగా అడగరు. మన దేశంలో 2012 జూలై 30, 31 తేదీలలో ఏమి జరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అధికభారంతో నడుస్తున్న బీనా–గ్వాలియర్ విద్యుత్ మార్గం 30వ తేదీ తెల్లవారుజామున తెగింది. దాని భారం ఇరుగుపొరుగు మార్గాలపై పడింది. అవీ ఒకదాని వెంట ఒకటి తెగిపోయి ఉత్తర భారతం చీకటిలో మునిగింది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలిపోయాయి. అరవై కోట్లకు పైగా ప్రజలు నివసించే ప్రాంతాలలో విద్యుత్తు పోయింది.

గూగుల్ వారి జిమెయిల్‌కు 2009లో రెండుసార్లు ఇదే అనుభవమైంది. ఫిబ్రవరి 24న ఐరోపాలోని ఒక కేంద్రంలో మరమ్మతుల కోసం అక్కడి పనిని మరొక కేంద్రానికి మళ్ళించారు. ఉత్తరాలను యజమానికి దగ్గరలోనే ఉంచాలన్న సదుద్దేశంతో వ్రాసిన ఒక క్రొత్త ప్రోగ్రాము ఆ రెండవ కేంద్రంపై మోయలేనంత భారం వేసింది. అక్కడి నుండి ఇబ్బంది కేంద్రం నుండి కేంద్రానికి ప్రాకింది. సేవ సుమారు రెండున్నర గంటలు నిలిచిపోయింది. సెప్టెంబర్ 1న కొన్ని సర్వర్లను సాధారణ మార్పుల కోసం ప్రక్కన పెట్టగా, వాడుకదారుల అభ్యర్థనలకు దారి చూపే యంత్రాలలో కొన్ని భారం తాళలేక ‘ఇక మాకు పంపవద్దు’ అన్నాయి. వాటి భారం మిగిలినవాటిపై పడి, నిమిషాలలో దాదాపు అన్నీ ఆ మాటే అన్నాయి. ఈసారి సుమారు 100 నిమిషాలు పట్టింది. సేవ మరింత నమ్మకంగా నడవాలని చేసిన మార్పులు కూడా ఆ భారానికి కొంత కారణమని ఆ సంస్థే ఒప్పుకున్నది.

రెండు యంత్రాలు చెరిసగం పని చేసుకుంటున్నప్పుడు రెండూ నూటికి అరవైపాళ్ళ శక్తితో నడుస్తుంటే ఒకటి పడిన నాడు రెండవదానిపై నూటఇరవైపాళ్ళు పడతాయి. అట్టి జంట నిజానికి జంట కాదు. రెండు చోట్ల పడిపోగల ఒకే యంత్రం.

నకలు వేరు, భద్రప్రతి వేరు

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న తరువాత కూడా ఒక భ్రమ మిగలవచ్చు: ఇన్ని నకళ్ళు ఉన్నాయి గనుక ఉత్తరాలకు ఇక భయం లేదని. 2011 ఫిబ్రవరి చివరలో జిమెయిల్ వాడుకదారులలో నూటికి 0.02 మంది తమ పెట్టెలు ఖాళీగా ఉండటం చూశారు. నిలువ చేసే ప్రోగ్రాములో దొర్లిన ఒక దోషం వేర్వేరు కేంద్రాలలోని నకళ్ళన్నింటినీ ఒకేసారి తాకింది. నకలు విధేయురాలు, అసలుకు జరిగిన మంచినీ చెడునూ కూడా తు.చ. తప్పక తనలో వ్రాసుకుంటుంది. ఆ ఉత్తరాలు తిరిగి దొరికినది అయస్కాంతపు టేపులలో. వలయంతో సంబంధం లేకుండా బీరువాలో పడి ఉండటమే వాటిని కాపాడింది. తిరిగి ఎక్కించటం నిదానమైన పని. కాని ఉత్తరాలు ఉన్నాయి. ఫెయిలోవర్ సేవను కాపాడుతుంది. ఉత్తరాలను కాపాడేది భద్రప్రతి. ఒకటి ఉన్నదని రెండవది మానరాదు.

ఇక అభ్యాసం. ఎన్నడూ వాడి చూడని ఏర్పాటు, అగ్నిప్రమాదం నాడు మొదటిసారి తెరిచే నీటి కుళాయి వంటిది. అమెరికాలోని నెట్‌ఫ్లిక్స్ సంస్థ, పని వేళలలో తన సొంత సర్వర్లను యాదృచ్ఛికంగా ఆర్పివేసే ఒక ప్రోగ్రామును తయారుచేసి, దానికి అల్లరికోతి అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. అందరూ మేలుకొని ఉన్న పగటివేళ పడగొట్టి చూసుకుంటే అర్ధరాత్రి ఆందోళన ఉండదన్నది వారి తర్కం. చిన్న సంస్థలు ఇంత దూరం పోనవసరం లేదు. నియమిత కాలానికొకసారి, పని తక్కువగా ఉన్న రోజున, మొదటి యంత్రపు తీగను లాగి ఏమవుతుందో చూడటం చాలు. కాని ఒక్క విషయం. పడిన యంత్రం కోలుకోగానే తనంతట తాను పూర్వస్థానం ఆక్రమించుకునే ఏర్పాటు మాత్రం ఉంచకపోవటం మేలు. లేస్తూ పడుతూ ఉండే యంత్రం ప్రతిసారీ యాజమాన్యాన్ని లాక్కుంటే పెట్టెలకు స్థిమితం ఉండదు. వెళ్ళేటప్పుడు యంత్రం నిర్ణయించవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు మనిషి చూసి రానివ్వాలి.

మరల ఆ రాత్రి

రాత్రి రెండు గంటలు. అదే విశ్వవిద్యాలయం, అవే రెండు యంత్రాలు. కాని ఈసారి ఆవరణలోని గ్రంథాలయంలో ఒక మూల, సాక్షిగా పనిచేసే ఒక చిన్న పాత కంప్యూటర్ ఉన్నది. గుండెచప్పుడు ఆగిపోయింది. ఐదు సెకండ్లు, పది సెకండ్లు. రెండవ యంత్రం సాక్షిని పిలిచింది. జవాబు లేదు. తనకు మొదటి యంత్రమూ వినిపించటం లేదు, సాక్షీ వినిపించటం లేదు. ముగ్గురిలో తాను ఒంటరి. కనుక అది లేవలేదు. అదే క్షణంలో మొదటి యంత్రానికి సాక్షి పలికింది. ముగ్గురిలో ఇద్దరు. కాబట్టి మొదటిది తన పని తాను చేసుకుపోయింది. నకలు ఉంచేవారు తాత్కాలికంగా లేరన్న హెచ్చరికను మాత్రం ఉద్యోగి ఫోనుకు పంపింది.

2 గంటల 10 నిమిషాలకు విద్యార్థి దరఖాస్తు 5,001వ ఉత్తరంగా చేరింది. 2 గంటల 15 నిమిషాలకు వచ్చిన ప్రకటన 5,002వది అయింది.

ఉదయం ఎనిమిదింటికి ఉద్యోగి వచ్చి, రెండవ భవనం వెనుక కాలువ త్రవ్వుతున్నవారి పలుగుకు తీగ తెగిందని తెలుసుకున్నాడు. తీగ అతికిన తరువాత రెండవ యంత్రం రాత్రి తాను పోగొట్టుకున్న ఉత్తరాలను వరుసగా మొదటిదానినుండి వ్రాసుకుని, మరల కాపలాకు కూర్చున్నది. పది గంటలకు గుమాస్తా పెట్టె తెరిచి దరఖాస్తును చదివాడు. ఆ రాత్రి ఒక యంత్రం తన మౌనాన్ని పాటించిందన్న సంగతి అతనికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు.